అమ్మానాన్నలతో యూటా ఆర్‌వీ ట్రిప్: వారంలో ఐదు పార్కులు వద్దు, మూడు చాలు

అక్టోబరులో విజయనగరం నుంచి అమ్మానాన్నలు లాస్ వేగాస్‌లో ఉన్న మీ దగ్గరికి వస్తున్నారనీ, ఆర్‌వీ (వంటిల్లూ పడకలూ ఉన్న పెద్ద బండి) అద్దెకు తీసుకుని వారంలో యూటా రాష్ట్రంలోని ఐదు నేషనల్ పార్కులూ చూపిస్తే బాగుంటుందా అనీ అడిగారు. మాదీ విజయనగరమేనండీ, దాసన్నపేట. మా అమ్మాయీ అల్లుడూ మమ్మల్ని ఆ వైపే తిప్పారు. వెనక సీట్లో కూర్చున్న పెద్దవాడిగా చెప్తున్నాను, జయాన్, బ్రైస్, కాపిటల్ రీఫ్ చాలు. ఆర్చెస్ పార్కు పక్కనున్న మోయాబ్ ఊరి నుంచి వేగాస్‌కు తిరిగి రావడమే 450 మైళ్ల పైమాట.

ఆర్‌వీ అంటే ఎక్కి కూర్చుంటే సరిపోదు. దిగిన చోటల్లా బండిని సమంగా నిలపాలి, నీళ్ల గొట్టం, కరెంటు తగిలించాలి, బయల్దేరేముందు మురుగు ట్యాంకు ఖాళీ చేయాలి. రోజుకో మజిలీ పెట్టుకుంటే ఈ చాకిరీకే పొద్దుపోతుంది. ఒక్కోచోట రెండేసి రాత్రులు ఉండండి.

జయాన్ నుంచి బ్రైస్‌కు వెళ్లే దగ్గర దారిలో ఉన్న సొరంగం 1930 నాటిది. పెద్ద బండ్లొస్తే ఎదుటి ట్రాఫిక్ ఆపి పంపేవారు. 2026 జూన్ నుంచి అదీ ఉండదనీ, పెద్ద బండ్లను అసలు రానివ్వరనీ పార్కు ప్రకటించింది. పరిమితి ఎత్తు 11 అడుగుల 4 అంగుళాలు, వెడల్పు 7 అడుగుల 10 అంగుళాలు. చాలా ఆర్‌వీలు వెడల్పు దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి బ్రైస్‌కు హరికేన్, కనాబ్ మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలని ముందే లెక్కేసుకోండి.

బ్రైస్ అంచు 8,000 అడుగుల పైన ఉంటుంది. అక్టోబరు రాత్రుల్లో నీళ్లు గడ్డకడతాయి, అందుకని పడుకునేముందు గొట్టం విప్పేయండి. రాతి పగుళ్లలో నీరు ఇలా గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టడం వల్లే బ్రైస్‌లో కనిపించే రాతి స్తంభాలన్నీ ఏర్పడ్డాయి. సన్‌సెట్ పాయింట్ నుంచి సన్‌రైజ్ పాయింట్ దాకా దారి చదునుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నా నడవొచ్చు. మంకీ క్యాపులు మాత్రం సూట్‌కేసులో పెట్టించండి.

అక్కడి నుంచి కాపిటల్ రీఫ్‌కు 12వ నంబరు రోడ్డు. ట్రిప్ మొత్తానికి నాకు నచ్చింది ఇదే. ఎస్కలాంటే అనే ఊరు దాటాక హాగ్‌బ్యాక్ అనే చోట రోడ్డుకు రెండు పక్కలా లోయే, రెయిలింగ్ లేదు. సాలూరు ఘాట్‌లో కనీసం ఒక పక్క కొండైనా ఉంటుంది! పగటిపూటే దాటండి. దాటాక కాపిటల్ రీఫ్‌లోని ఫ్రూటాలో మోర్మన్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు వేసిన పండ్ల తోటలు ఇప్పటికీ ఉన్నాయి, మా ఆవిడ కొండల్ని వదిలేసి చెట్ల కిందే కూర్చుంది.

వంట గురించి టెన్షన్ వద్దు, స్టవ్వూ ఫ్రిజ్జూ బండిలోనే ఉంటాయి. కుక్కరూ, బెల్లం ఆవకాయా ఉంటే గడిచిపోతుంది. కానీ కుళాయి ధారగా వదిలి అంట్లు తోమితే వాడిన నీళ్ల ట్యాంకు ఇట్టే నిండిపోతుంది. ఈ సంగతి అమ్మగారికి మొదటిరోజే చెప్పండి.

విజిటర్ వీసా మీద వచ్చేవాళ్లకు 2026 జనవరి నుంచి పార్కు ప్రవేశ రేట్లు మారాయి. ఏడాది పాస్ 250 డాలర్లు. అది లేకపోతే జయాన్‌లోనూ బ్రైస్‌లోనూ 16 ఏళ్లు నిండిన ఒక్కొక్కరికీ మామూలు టికెట్ మీద 100 డాలర్లు అదనం. జయాన్‌లో వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌కు ఆరు నెలల ముందే బుకింగ్ తెరుస్తారు, మీ తేదీలకు ఏప్రిల్‌లోనే కాచుకుని కూర్చోవాలి.