1991 మియాటాకి టర్బో పెట్టాలా అంటే... ముందు ప్లగ్ వైర్లు చూడండి

మీరు అడిగింది ఇదీ: 1991 మాజ్దా మియాటా కొన్నారు, 1.6 లీటర్ ఇంజిన్. ఐడిల్‌లో బాగానే ఉంటుంది, నాలుగో గేర్‌లో ఎక్సలేటర్ గట్టిగా తొక్కితే మాత్రం జర్కులు ఇస్తుంది, పికప్ లేదు. ఇంజిన్ ఎలాగూ విప్పాల్సివస్తే టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టి పవర్ పెంచే పరికరం) కూడా పెట్టేస్తే పోలా, ఇంటి గరాజ్‌లో అవుతుందా అని.

టర్బో సంగతి చివర చెప్తాను. జర్కుల సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే అచ్చం ఇదే నాకూ జరిగింది.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను. నాది 1992 బండి, అదే ఇంజిన్. కొన్న రెండో నెలలో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఠప్ ఠప్ అని మిస్ కొట్టడం మొదలుపెట్టింది. రాత్రంతా వీడియోలు చూసి, ఇంజిన్ పోయిందని నిర్ధారించుకుని, వాడిన ఇంజిన్లు ఎక్కడ దొరుకుతాయో వెతకడం కూడా మొదలుపెట్టాను. తెనాలి నుంచి నాన్న వీడియో కాల్ చేస్తే బాధంతా చెప్పుకున్నాను. ఇరవై ఏళ్లు చేతక్ స్కూటర్ నడిపిన మనిషి. అంతా విని, "ప్లగ్గు తీసి చూశావురా?" అన్నారు. ఇదేమన్నా స్కూటరా నాన్నా, ఫ్యూయల్ ఇంజెక్షన్ కారు అని కసిరాను.

ప్లగ్గులు బాగానే ఉన్నాయి. పోయింది ప్లగ్ వైర్లు, అంటే ప్లగ్గులకి కరెంటు తెచ్చేవి. నాన్న అరమార్కు తేడాతో పాసయ్యారు, ఆ విషయం ఇప్పటికీ నన్ను మర్చిపోనివ్వరు.

ఐడిల్‌లో రాని మిస్సింగ్ లోడ్ మీదే ఎందుకొస్తుంది? ఎక్సలేటర్ పూర్తిగా తొక్కినప్పుడు సిలిండర్ నిండా గాలి చేరుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్ దగ్గర స్పార్క్ దూకాలంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి. వైర్ తొడుగు పాతబడి పగిలి ఉంటే కరెంటుకి ప్లగ్ దాకా పోవడం కంటే ఆ పగులులోంచి పక్కనున్న సిలిండర్ హెడ్ మీదకి దూకడం తేలిక. ఐడిల్‌లో ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ తేడా తెలియదు. అందుకే షాపు ముందు నిలబెట్టి రేస్ ఇస్తే బండి బుద్ధిమంతురాలిలా ఉంటుంది, హైవే ఎక్కగానే అసలు రంగు బయటపడుతుంది.

పరీక్ష చాలా సులువు. రాత్రిపూట లైట్లార్పి, గరాజ్ తలుపు తెరిచి ఉంచి (పొగ బయటికి పోవాలి), బానెట్ ఎత్తి ఇంజిన్ స్టార్ట్ చేయండి. మొక్కలకి కొట్టే స్ప్రే సీసాతో వైర్ల మీద నీళ్లు తుంపరగా చల్లండి. వైర్ పోయి ఉంటే నీలంగా మెరుపులు కనిపిస్తాయి. మా ఆవిడ చూసి దీపావళి ముందే వచ్చిందా అంది. ఇంజిన్ నడుస్తుండగా వైర్లు మాత్రం చేత్తో ముట్టుకోవద్దు, షాక్ గట్టిగానే కొడుతుంది.

కొత్త వైర్ల సెట్, నాలుగు ప్లగ్గులు కలిపి నాకు 60 డాలర్ల లోపే అయింది. పాత వైర్లు పీకేటప్పుడు ప్లగ్గులుండే గుంటల్లోకి టార్చి వేసి చూడండి. అడుగున ఆయిల్ నిలిచి ఉంటే పైన వాల్వ్ కవర్ గాస్కెట్ కారుతోందని అర్థం. దాన్ని మార్చకుండా వైర్లు మారిస్తే ఆ ఆయిల్‌లో నాని కొత్తవీ పాడవుతాయి.

వైర్లు మార్చినా తగ్గకపోతే ఫ్యూయల్ ఫిల్టర్ మార్చండి, వెనక చక్రం దగ్గర కింద ఉంటుంది. తర్వాత కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) గేజ్‌తో చూడండి. ఆ గేజ్ కొనక్కర్లేదు, ఇక్కడి పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కట్టి అరువు తెచ్చుకోవచ్చు. నాలుగు సిలిండర్లలోనూ రీడింగ్ దగ్గర దగ్గరగా వస్తే ఇంజిన్ విప్పే ఆలోచన మానేయొచ్చు.

మీది 1991 అన్నారు కాబట్టి వీటన్నిటికంటే ముందు ఇంకో పని ఉంది. 1990లోనూ 1991 మొదట్లోనూ వచ్చిన ఇంజిన్లలో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికతో తిరిగే ప్రధాన ఇరుసు) ముందు కొస పొట్టిగా ఉంటుంది. ఎప్పుడో ఎవరో టైమింగ్ బెల్ట్ మార్చినప్పుడు ఆ మధ్య బోల్ట్ సరిగ్గా బిగించకపోతే, లోపలి కీ, అది కూర్చునే గాడి అరిగిపోతాయి, దానికి బిగించిన పుల్లీ ఊగుతుంది, టైమింగ్ (స్పార్క్, వాల్వులు పనిచేయాల్సిన సమయం) తప్పుతుంది, పవర్ పోతుంది. మీరు చెప్పిన లక్షణాల్లో సగం దీనికీ సరిపోతాయి. గుర్తుపట్టడానికి ఏమీ విప్పక్కర్లేదు. క్రాంక్ పుల్లీ మధ్య భాగంలో గాట్లు లెక్కపెట్టండి. నాలుగుంటే పొట్టిది, ఎనిమిదుంటే పొడుగుది. నాలుగైతే ఇంజిన్ నడుస్తుండగా పుల్లీ ఊగుతోందేమో ఫోన్‌లో వీడియో తీసి చూసుకోండి. ఊగకపోతే కంగారు పడొద్దు, పొట్టి క్రాంక్‌తోనే లక్షల మైళ్లు తిరిగిన బండ్లున్నాయి.

ఆయిల్ లీకు గురించి మీరు అడగలేదు గానీ మీకూ ఉండే ఉంటుంది. నా బండికి ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట ఆయిల్ చుక్కలు పడేవి. ఓ షాపువాళ్లు (పేరెందుకులెండి) క్రాంక్ వెనక సీల్ పోయింది, గేర్‌బాక్స్ దింపాలి, 1,200 డాలర్లు అన్నారు. తీరా చూస్తే హెడ్ వెనక ఉండే క్యామ్ యాంగిల్ సెన్సర్ ఓ-రింగ్ గట్టిపడి పగిలింది. ఆయిల్ అక్కణ్నుంచి జారి సరిగ్గా గేర్‌బాక్స్ మీదే పడుతుంది కాబట్టి చూసేవాళ్లు మోసపోతారు. ఓ-రింగ్ ఖరీదు రెండు మూడు డాలర్లు. చేయి దూరని ఇరుకులో బోల్ట్ తీయడానికి మాత్రం ఒక సాయంత్రం, బోలెడన్ని తిట్లు ఖర్చయ్యాయి. సెన్సర్ తీసేముందు అది ఏ కోణంలో ఉందో పెయింట్‌తో గీత పెట్టుకోండి. అది తిరిగితే ఇగ్నిషన్ టైమింగ్ మారిపోతుంది.

అదే టైమింగ్‌ని కావాలని మార్చుకోవడం ఈ కారుకి దాదాపు ఉచితంగా వచ్చే అప్‌గ్రేడ్. బానెట్ కింద ఎడమవైపు డయాగ్నోసిస్ అని రాసిన చిన్న డబ్బా ఉంటుంది. అందులో టీఈఎన్, జీఎన్‌డీ పిన్నుల్ని ఒక వైరు ముక్కతో కలిపి, టైమింగ్ లైట్ పెట్టి చూస్తే కంపెనీ సెట్టింగ్ 10 డిగ్రీలు ఉండాలి. చాలామంది 14 దాకా తీసుకెళ్తారు. కింది గేర్లలో చురుకుదనం తెలుస్తుంది. కాకపోతే ప్రీమియం పెట్రోలే పోయాలి, నాకింగ్ (పెట్రోల్ వేళ తప్పి మండి ఇంజిన్ టకటకలాడే) శబ్దం వస్తే వెంటనే వెనక్కి తేవాలి. టెక్సస్ జూలై ఎండలో నేను 12 దగ్గరే ఉంచుతాను.

క్లచ్ పెడల్ ఒకరోజు నేలకంటుకుని పైకి రాదు. భయపడకండి, పోయింది స్లేవ్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్ ఒత్తిడితో క్లచ్‌ని నొక్కేది). గేర్‌బాక్స్ పక్కన కింద ఉంటుంది. దాని రబ్బరు తొడుగు ఎత్తితే లోపల ఫ్లూయిడ్ తడి కనిపిస్తుంది. దాంతోపాటు పెడల్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్ కూడా మార్చేయండి. నేను పిసినారితనంతో ఒకటే మార్చాను, రెండో నెలలో రెండోది పోయింది.

రేడియేటర్ పైన ప్లాస్టిక్ ట్యాంక్ నలుపు పోయి గోధుమరంగుకి తిరిగితే దానికి రోజులు దగ్గరపడ్డట్టే, ఎండాకాలానికి ముందే మార్చండి. కొత్తది పెట్టాక ముందు చక్రాలు ఎత్తులో ఉంచి, హీటర్ ఫుల్‌గా తిప్పి కూలెంట్ పోస్తే గాలి బయటికి పోతుంది. నేను చదునుగా ఉన్న డ్రైవ్‌వేలో పోసి, గాలి ఇరుక్కుని, వీధి చివర దాకా వెళ్లేలోపే టెంపరేచర్ ముల్లు పైకెక్కి ఇంటికి తోసుకుంటూ వచ్చాను. బండి 1,000 కిలోలకు కాస్త అటూ ఇటూ, పర్లేదు, తోయొచ్చు.

ఈ రిపేర్లన్నీ చదివి చెడ్డ బండి కొన్నానా అని టెన్షన్ పడకండి. ముప్ఫై దాటిన రబ్బరు, ప్లాస్టిక్ ఏ కార్లోనైనా ఇలాగే ఉంటుంది. పైగా 1989లో మొదలై 2016 నాటికి పది లక్షలు తయారైన కారు కాబట్టి పార్టులు ఇప్పటికీ సులువుగా దొరుకుతాయి. ఇంత పాత ఇంకే స్పోర్ట్స్ కారుకైనా ఓ-రింగ్ కోసం నెలలు ఎదురుచూడాల్సి వచ్చేది.

ఇక టర్బో. 1.6 బండ్లలో వెనక డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకి పంచే గేర్ల పెట్టె) చిన్నది. 1994 నుంచి 1.8 ఇంజిన్‌తో పాటు పెద్దది వచ్చింది. టర్బో పెడితే ముందు క్లచ్ జారుతుంది, అది మారిస్తే డిఫరెన్షియల్ ఏడుస్తుంది, ఈలోపు రేడియేటర్ చాలదు, ఇంజిన్ కంప్యూటర్ కూడా మార్చాలి. కిట్ ధర చూసి బడ్జెట్ వేసుకుంటే సగంలో బండి స్టాండ్ల మీదే ఉండిపోతుంది. మా వీధిలోనే ఒకటి మూడేళ్లుగా అలా ఉంది, చక్రాల్లేకుండా.

నా డబ్బయితే ముందు టైర్లకి పోతుంది. టైరు పక్కన నాలుగంకెల తేదీ చూడండి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ట్రెడ్ ఎంత నిండుగా ఉన్నా పదేళ్లు దాటితే తీసి పారేయండి. తర్వాత బ్రేకులు. 1.6 బండికి ముందు చక్రాల డిస్క్ 235 మిల్లీమీటర్లు, 1.8కి 255. పెద్ద డిస్కులు, బ్రాకెట్లు పాత 1.8 బండి నుంచి తెచ్చి మీ కాలిపర్లే బిగించుకోవచ్చు. ఒక ఆదివారం పని. 116 హార్స్‌పవర్ తక్కువనిపిస్తుంది గానీ, టాప్ తీసి, మంచి టైర్లతో ఏదైనా మలుపుల రోడ్డు మీద ఓసారి తిప్పి చూడండి, అప్పటికీ టర్బో కావాలంటే అప్పుడు మాట్లాడుకుందాం.

కిందకి దూరేముందు జాక్ స్టాండ్లు తప్పనిసరి, ఒక్క జాక్ మీద బండి ఉండగా కింద తల పెట్టొద్దు. ముందువైపు క్రాస్‌మెంబర్ (ఇంజిన్ కింద అడ్డంగా ఉండే దూలం) మధ్యన, వెనక డిఫరెన్షియల్ కింద జాక్ పెట్టండి. నేను మొదటిసారి అంచు రేకు కింద ఎక్కడపడితే అక్కడ పెట్టి దాన్ని వంచేశాను, ఆ సొట్ట ఇప్పటికీ అలాగే ఉంది.

పుల్లీ గాట్లు ఎన్నున్నాయో, వైర్ల మీద మెరుపులు కనిపించాయో లేదో చూసి కింద రాయండి. నాలుగు గాట్లుండి పుల్లీ ఊగుతుంటే మాత్రం నాకు జవాబు రాసేదాకా బండి బయటికి తీయకండి.