అమెరికాలో ఎవరైనా ఏదైనా మాట్లాడొచ్చా? వీసా మీద ఉన్నవాళ్ళు కూడానా?

అమెరికాలో ప్రభుత్వాన్ని ఎంత మాటన్నా ఏమీ చేయరట కదా, ఎం.ఎస్.కి వెళ్ళాక నేనూ అలా మాట్లాడొచ్చా అని అడిగారు. మొదటిది చాలావరకు నిజమే. రెండోదానికి మాత్రం అంత ధైర్యంగా అవునని చెప్పలేను. నేనూ ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వచ్చి, ఇప్పుడు హెచ్-1బి (ఉద్యోగ వీసా) మీద ఉన్నవాణ్ణే.

ముందు మంచి సంగతి చెప్తాను. నేను చదివిన యూనివర్సిటీలో చలి తగ్గగానే లైబ్రరీ ముందుకి ఒక మతప్రచారకుడు పెద్ద బోర్డు పట్టుకుని వచ్చేవాడు. నరకానికి పోయేవాళ్ళ లిస్టు అది: తాగుబోతులు, స్వలింగ సంపర్కులు, ముస్లింలు, విగ్రహారాధకులు. మా రూమ్మేట్ మెడలో వేంకటేశ్వరస్వామి లాకెట్టు చూసి ఒకసారి వేలు చూపించి మరీ అరిచాడు. మావాడికి ఒళ్ళు మండి, ఇతన్ని ఇక్కణ్ణుంచి పంపేయరా అని క్యాంపస్ పోలీసుని అడిగాడు. "నిన్ను ముట్టుకుంటే చెప్పు, నేను చూసుకుంటా. మాట్లాడటం ఆయన హక్కు. కావాలంటే పక్కనే నిలబడి నువ్వూ మాట్లాడు" అన్నాడా పోలీసు. మావాడు చాలా బాధపడ్డాడు గానీ, నాకు ఆ జవాబు మీద గౌరవం కలిగింది. ఇప్పటికీ ఉంది.

ఆయన సొంతంగా చెప్పిన మాట కాదది, అక్కడి కోర్టులు చెప్తున్నదే. 1977లో షికాగో పక్కన స్కోకీ అనే ఊళ్ళో నాజీలు ఊరేగింపు చేస్తామన్నారు. హిట్లర్ క్యాంపుల నుంచి బతికి బయటపడ్డ యూదులు ఎంతోమంది ఉన్న ఊరది. అయినా వాళ్ళని ఆపే వీల్లేదనే కోర్టులు తేల్చాయి. 2011లో ఇంకా కఠినమైన కేసు. చనిపోయిన సైనికుడి అంత్యక్రియల దగ్గర "సైనికులు చచ్చినందుకు దేవుడికి థాంక్స్" అని అట్టలు పట్టుకున్న చర్చివాళ్ళ పక్షాన సుప్రీంకోర్టు 8-1తో తీర్పిచ్చింది. కొడుకుని పోగొట్టుకుని వాళ్ళ మీద దావా వేసిన ఆ తండ్రికి నష్టపరిహారం కూడా దక్కలేదు.

అయితే ఈ రక్షణ జైలు శిక్షలకీ, ఇలాంటి దావాలకీ పనికొచ్చినంత గట్టిగా ఇమిగ్రేషన్ దగ్గర పనికిరాదు. దేశంలోంచి పంపేయడాన్ని అక్కడి చట్టం శిక్షగా లెక్కపెట్టదు, సివిల్ వ్యవహారం అంటుంది. అంటే జ్యూరీ ఉండదు, లాయర్ని పెట్టుకునే స్తోమత లేకపోతే ప్రభుత్వం ఇవ్వదు. 1945లో సుప్రీంకోర్టు అమెరికాలో నివసించే విదేశీయులకీ వాక్ స్వాతంత్ర్యం ఉందంది. ఏడేళ్ళు తిరక్కుండానే, 1952లో, ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీలో ఉన్న విదేశీయుల్ని పంపేయొచ్చని అదే కోర్టు ఒప్పుకుంది. ఆ రెండు తీర్పుల మధ్య మనలాంటివాళ్ళు ఇప్పటికీ నలుగుతున్నాం.

రుమేసా ఓజ్‌టుర్క్ సంగతి చూడండి. టర్కీ అమ్మాయి, అప్పట్లో టఫ్ట్స్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ విద్యార్థిని. ఇజ్రాయెల్‌తో ముడిపడ్డ కంపెనీల్లో యూనివర్సిటీ డబ్బు ఉంచొద్దని మరో ముగ్గురితో కలిసి 2024 మార్చిలో విద్యార్థి పత్రికలో వ్యాసం రాసింది. ఏడాది తర్వాత, 2025 మార్చి 25 సాయంత్రం, ఇఫ్తార్‌కి వెళ్తుంటే మఫ్టీలో ఉన్న అధికారులు చుట్టుముట్టి, ఫోన్ లాక్కుని, చేతులకి బేడీలు వేసి తీసుకెళ్ళారు. కొందరి ముఖాలకి మాస్కులు. వీసా రద్దయిందన్న సంగతే ఆమెకి అప్పటిదాకా తెలియదు. ఎక్కడో లూసియానాలో ఆరు వారాల పైగా ఉంచాక వెర్మాంట్ ఫెడరల్ జడ్జి విడుదల చేయించారు.

ఆమెని అరెస్టు చేయడానికి ముందు నెలే, అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ మ్యూనిక్ వెళ్ళి, యూరప్‌లో వాక్ స్వాతంత్ర్యం వెనక్కి పోతోందని అక్కడి నాయకులకి గట్టిగా క్లాసు పీకి వచ్చారు. ఆయన అన్నదాంట్లో నిజం లేకపోలేదు. 2025 ఆగస్టు 9న లండన్ పార్లమెంట్ స్క్వేర్‌లో, బ్రిటన్ టెర్రరిజం చట్టం కింద నిషేధించిన 'పాలస్తీనా యాక్షన్' సంస్థకి మద్దతుగా అట్టలు పట్టుకున్నందుకు ఒక్కరోజే 500 మందికి పైగా అరెస్టు చేశారు. అరవై దాటినవాళ్ళే చాలామంది. ఆ సంస్థ వాళ్ళు ఆస్తులు ధ్వంసం చేస్తే చేసినవాళ్ళ మీద కేసు పెట్టండి, అట్ట పట్టుకున్న పెద్దావిడని టెర్రరిజం చట్టం కింద ఎత్తుకెళ్ళడం ఏమిటి? పక్కవాడి తప్పు ఇంత స్పష్టంగా కనిపించేవాళ్ళకి సొంత ఇంట్లో ఒక వ్యాసానికి బేడీలు వేయడం కనిపించకపోతే ఎలా?

మన దగ్గరా ఐటీ చట్టంలోని సెక్షన్ 66ఎ కింద ఫేస్‌బుక్ పోస్టులకి అరెస్టులు జరిగాయి, 2015లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ కొట్టేసేదాకా. అందుకే మనం గొప్ప, వాళ్ళు తక్కువ అని నేననను.

ఇక మీకు నేరుగా తగిలే విషయం. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసాకి సోషల్ మీడియా అకౌంట్లు పబ్లిక్‌లో పెట్టమంటున్నారు. గుంటూరులో మా పిన్ని కూతురు ఇన్‌స్టా అలాగే పబ్లిక్ చేసింది. వారం తిరక్కముందే ముక్కూ మొహం తెలియనివాళ్ళ మెసేజ్‌లు, పాత ఫొటోల కింద చెత్త కామెంట్లు. వాటి మధ్యలో నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, గాజా పిల్లల ఫొటో ఒకటి షేర్ చేశాను, తీసేయాలా?" అంది. తీసేయమనే చెప్పాను. పొలం తాకట్టు పెట్టి లోన్ తీసుకున్న ఇంటి పిల్లకి ఇంకేం చెప్తాను? కానీ ఏ తప్పూ లేని ఫొటో అది, ఆ మాట చెప్పాల్సి వచ్చినందుకు ఇప్పటికీ కోపంగా ఉంది. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి వాళ్ళకీ, హెచ్-4 మీద ఉండే వాళ్ళ భార్యాభర్తలు, పిల్లలకీ ఇదే పెట్టారు. ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడి, పెళ్ళిళ్ళకని ఇండియా వచ్చినవాళ్ళు ఉద్యోగాలు అక్కడ, తాము ఇక్కడ అన్నట్టు చిక్కుకుపోయారు.

చట్టబద్ధంగా ఉంటున్న విదేశీయులకీ పౌరులతో సమానంగా వాక్ స్వాతంత్ర్యం ఉందని 2025 సెప్టెంబరు 30న బోస్టన్ ఫెడరల్ జడ్జి విలియం యంగ్ తీర్పిచ్చారు. నాకు చాలా ధైర్యమిచ్చిన తీర్పది. కాకపోతే కోర్టు మీ మాట వినేలోపు వారాలు గడవొచ్చు. అందుకని మీరు రండి, క్లాసులో వాదించండి, నమ్మింది రాయండి. పేరు పెట్టి రాసేముందు మాత్రం ఒక ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి, ఆ నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఇంకో కాపీ రూమ్మేట్‌కి ఇవ్వండి. ఫోన్‌లో ఒక్కదాంట్లోనే ఉంచితే, అది లాక్కున్నాక మీకు దారి ఉండదు.