అమెరికాలో క్రైస్తవ యూనివర్సిటీలో క్రిమినల్ జస్టిస్ చదవొచ్చా?

చెల్లెమ్మా, కందుకూరులో బీఏ అయింది, అమెరికాలో ఒక క్రైస్తవ యూనివర్సిటీలో క్రిమినల్ జస్టిస్ (నేరాలు, పోలీసు, కోర్టులు, జైళ్ల గురించిన చదువు) మాస్టర్స్‌కి సీటొచ్చింది, నాన్నేమో "మతం మార్చేస్తారు, ఆడపిల్లకి పోలీసు చదువెందుకు" అని ఒప్పుకోవడం లేదని రాశావు. నాది కావలి. అలాంటి చోటే ఆ చదువు చదివొచ్చాను.

నన్ను మతం మారమని ఎవరూ అడగలేదు. చాపెల్ అనే ప్రార్థన కూటానికి వెళ్లడం డిగ్రీ పిల్లలకే తప్పనిసరి, మాకు కాదు. మందు, సిగరెట్ల గురించి నియమాలుంటాయి. కొన్ని యూనివర్సిటీలు, ఆ మత విశ్వాసాలను నమ్ముతున్నానని చెప్పే విశ్వాస ప్రకటన మీద కూడా సంతకం అడుగుతాయి. అది ముందే తెప్పించుకుని చదువు, నమ్మనిదాని మీద సంతకం పెట్టొద్దు.

నాన్న ఆలోచించాల్సింది ఉద్యోగం గురించి. అక్కడ ఫెడరల్ కొలువులు దాదాపుగా పౌరులకే. స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్లకి పోలీసు ఉద్యోగం ఆశ లేనట్టే. మామూలు క్రిమినల్ జస్టిస్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల చదువులు) జాబితాలోకి రాదు, అందుకని ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీదే అక్కడ పనిచేసుకునే అనుమతి, 12 నెలలే. ఫోరెన్సిక్ సైన్స్‌లాంటివైతే ఇంకో 24 నెలలు పొడిగిస్తారు. తిరిగొచ్చాక ఈ డిగ్రీతో లాయరువి కాలేవు, ఇక్కడ ఎస్సై పరీక్షకి ఏ డిగ్రీ అయినా చాలు. పొలం తాకట్టు పెట్టి అక్కడే స్థిరపడదామనుకుంటే మాత్రం వద్దనే చెప్తాను.

చదువు మటుకు గొప్పది. 1974లో కెనడాలోని ఎల్మైరా అనే ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు తాగి ఒకే రాత్రి 22 చోట్ల ధ్వంసం చేశారు. మార్క్ యాంట్జీ అనే ప్రొబేషన్ ఆఫీసరు (శిక్ష పడ్డవాళ్లని బయటే ఉంచి కనిపెట్టే అధికారి), మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖవాడు, వాళ్లని బాధితుల గుమ్మాల్లోకే తీసుకెళ్దామని జడ్జికి సూచించాడు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి మాట్లాడి నష్టం కట్టారు. బాధితుణ్ణీ దోషినీ ఎదురెదురుగా కూర్చోబెట్టే పద్ధతి అక్కణ్ణుంచి పాకింది. మా క్లాసులో దాన్నే నాటకంలా చేయించారు. నేను ఇల్లుగలామెను, ఎదురుగా కూర్చున్న కుర్రాడు దొంగ. నా నోట ముందుగా వచ్చిన మాట, "మా ఇల్లే ఎందుకు ఎంచుకున్నావు?" మన కోర్టులో బాధితురాలు సాక్షిగా బోనెక్కి అడిగినదానికి జవాబు చెప్పి దిగాలి, ఈ ప్రశ్న అడిగే వీలెక్కడుంది?

క్రైస్తవ సంస్థలంటే దయే అనుకోకు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చాక, మా కావలిలోనే ఎరుకల కుటుంబాలను ఉంచిన సెటిల్మెంటును నడిపింది అమెరికన్ బాప్టిస్టు మిషన్. ఆ కుటుంబాలవాళ్లు హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. పుట్టుకే నేరమన్న ఆ చట్టం దేశమంతటా 1952లో గానీ పోలేదు. నేనిది క్లాసులో చెబితే మా ప్రొఫెసరమ్మ ఆ రోజు పాఠం పక్కనపెట్టి దీని మీదే చర్చ పెట్టింది. అలా మాట్లాడనిచ్చే చోటు దొరికితే మతం పేరు చూసి వదులుకోవద్దు.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో కొన్ని చిన్న నేరాలకు సమాజ సేవ కూడా శిక్షగా చేరింది. తిరిగొచ్చి బాధితులతో, జైలు నుంచి బయటికొచ్చిన వాళ్లతో పనిచేయాలన్న మనసుంటే వెళ్లు. డిపాజిట్ కట్టేముందు ప్రోగ్రాం సీఐపీ కోడ్ (ఆ చదువు ఏ కోవలోదో చెప్పే నంబరు) ఎంతో, స్టెమ్‌లో ఉందో లేదో మెయిల్ పెట్టి అడుగు. వాళ్ల జవాబు నాన్నకీ చూపించు.