ఆరో తరం ల్యాప్‌టాప్‌ను అప్పుడే అమ్మేయకు

బెంగళూరు

చిరంజీవి కార్తీక్‌కు పెదనాన్న ఆశీస్సులు.

నీ ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఎక్కదని తేలిందనీ, దాన్ని కంప్యూటర్ సామాన్ల బజారైన ఎస్.పి. రోడ్డులో వచ్చిన ధరకు వదిలించుకోవాలని చూస్తున్నావనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. తొందరపడకు. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఆమోదించిన ప్రాసెసర్ల జాబితాలో పేరు లేకపోవడం వేరు, దానికి నడిపే సత్తా లేకపోవడం వేరు. నీది ఏ కోవలోదో ముందు తేల్చుకో.

సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి ప్రాసెసర్ పేరు చూడు. ఐ5-6200యు అని ఉంటే, చివరి మూడంకెలకు ముందున్న 6 దాని తరం. 8250 అయితే ఎనిమిదో తరం. మైక్రోసాఫ్ట్ జాబితా, ఏడో తరంలోని కొన్ని మినహాయింపులు పోను, ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది. తప్పంతా విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేకపోవడానిదేనని చాలామంది అంటారు గానీ, ఆరో తరం యంత్రాల్లో చాలావాటికి అది పీటీటీ పేరుతో బయోస్‌లోనే, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లోనే ఉంటుంది; దాన్ని ఆన్ చేసినా జాబితా అడ్డం తొలగదు. ఇంకా పాతదైన ఇంటెల్ కోర్ 2 డ్యుయో ప్రాసెసర్ సంగతి పూర్తిగా వేరు. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి తప్పనిసరైన పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్ (ప్రాసెసర్ చేయగలిగే ఒక ఆదేశం) ఆ చిప్‌లోనే లేదు కనుక అక్కడ ఏ చిట్కా పారదు.

ఈ ప్రాసెసర్, టీపీఎం తనిఖీలను దాటవేసే పెన్‌డ్రైవ్ తయారుచేసి 11 ఎక్కించుకోమని నీ స్నేహితులు చెప్పే ఉంటారు. ఎక్కుతుంది, నడుస్తుంది కూడా. అయితే అలాంటి యంత్రాలకు అప్‌డేట్ల హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్‌లో ఆ సాహసం నాకు నచ్చదు.

విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పేరు నమోదు చేసుకున్నవారికి భద్రతా అప్‌డేట్లను 2026 అక్టోబరు 13 వరకు పొడిగించారు. మీ నాన్న షాపులో ట్యాలీ నడుస్తున్న కంప్యూటర్‌ను విండోస్ నుంచి కదిలించవద్దు. దానికి ఈ పొడిగింపు తీసుకుని, గడువులోగా కొత్తది కొనిపించు.

నీ పని బ్రౌజర్, పైథాన్, పీడీఎఫ్‌లే కనుక నీకు విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ చాలు. అందులో ఒక రకమైన మింట్ 22కు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. లినక్స్ అన్నంత మాత్రాన ప్రతి పాత చిప్పునూ మోస్తుందనుకోకు: మరో లినక్స్ రకమైన రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10కు ప్రాసెసర్‌లో ఏవీఎక్స్2 అనే ఇన్‌స్ట్రక్షన్ల సముదాయం ఉండి తీరాలి, అది నీ ఐ5లో ఉన్నా అదే కాలపు చౌక రకం సెలెరాన్‌లో లేదు, 2025లో వచ్చిన ఇంకో లినక్స్ డెబియన్ 13 కూడా 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది.

ముందుగా ల్యాప్‌టాప్‌లో ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ నుంచే మింట్‌ను లైవ్‌గా నడిపి వైఫై, కెమెరా, శబ్దం పరీక్షించు. మూత వేసి తెరిచినప్పుడు తిరిగి లేస్తోందో లేదో తప్పకుండా చూడు, పాత ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా మొరాయించేది అక్కడే. అన్నీ బాగుంటే హార్డ్‌డిస్క్ తీసేసి తిరిగే భాగాలు లేని వేగవంతమైన సాటా ఎస్ఎస్‌డీ వేయించు, ర్యామ్‌ను ఎనిమిది జీబీకి పెంచు. ల్యాప్‌టాప్ నెమ్మదిగా నడుస్తోందన్న నీ విసుగుకు అసలు కారణం ప్రాసెసర్ కాదు, ఆ తిరిగే డిస్కే. ఆరో తరంలో కొన్నిటికి డీడీఆర్3ఎల్, కొన్నిటికి డీడీఆర్4 ర్యామ్ ఉంటుంది, ఒకదాని స్లాట్‌లో మరొకటి పట్టదు. అందుకని పాత ర్యామ్ ముక్కను ఊడదీసి వెంట తీసుకెళ్లి, షాపువాడికి దాని మీది లేబుల్ చూపించి కొను. ఆదివారం ఎస్.పి. రోడ్డులో చాలా షాపులు తెరవరు, శనివారమే వెళ్లిరా.

ఇట్లు,
పెదనాన్న