లండన్‌కి ఎన్ని మైళ్లు? ఏ మైళ్లు?

ప్రశ్న: అమ్మానాన్న వచ్చే నెల శంషాబాద్ నుంచి లండన్‌లోని చెల్లి దగ్గరికి వెళ్తున్నారు. దూరం ఒక యాప్‌లో 7,750, ఇంకోదాంట్లో 4,815, మరోదాంట్లో 4,185 అని వస్తోంది. ప్రయాణం ఎనిమిదిన్నర గంటలట, టికెట్ ప్రకారం పది. దేన్ని నమ్మాలి? టికెట్ పీడీఎఫ్ ఎక్కిస్తే కచ్చితమైన టైమ్ చెప్తానంటోంది ఒక యాప్. ఎక్కించమంటారా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మూడూ కరెక్టే. మొదటిది కిలోమీటర్లు, రెండోది మన మామూలు మైళ్లు, మూడోది నాటికల్ మైళ్లు (ఒక్కోటి 1.852 కి.మీ.). అంకె పక్కన ఆ ముక్క రాయడానికి బద్ధకించిన యాప్‌కి ఫుల్‌స్క్రీన్ యాడ్ పెట్టడానికి మాత్రం ఓపిక ఉంటుంది. సెలవులకు ముందు నాకు ఇదే ప్రశ్న పదిమంది పంపుతారు.

ఆ దూరం కూడా భూగోళం మీద దారం లాగి పట్టుకుంటే వచ్చే లెక్క. విమానం అలా పోదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేస్తే, ఢిల్లీ నుంచి యూరప్ వెళ్లే మన సర్వీసులు చుట్టు తిరగాల్సి వచ్చింది. కాలిక్యులేటర్లలో కిలోమీటరు కూడా మారలేదు. పడమటికి పోతుంటే ఎదురుగాలి సరేసరి. యాప్ చేసేది దూరాన్ని గంటకు 900తో భాగించడం, అంతే. టికెట్ మీది పది గంటల్లో రన్‌వే దాకా పాకడం, దిగాక గేటు దొరకడం కూడా కలిసి ఉంటాయి. టికెట్‌నే నమ్మండి. అయితే అందులోవి ఎక్కడి టైమ్ అక్కడిది. ఉదయం 7కి ఎక్కి మధ్యాహ్నం 12:30కి దిగితే ఐదున్నర గంటలు కాదు. వేసవిలో లండన్ మనకన్నా నాలుగున్నర గంటలు వెనక, చలికాలంలో ఐదున్నర.

ఊరి పేరు కాకుండా ఎయిర్‌పోర్ట్ కోడ్ కొట్టండి. మనది హెచ్‌వైడీ. హెచ్‌డీడీ ఎంచుకున్నారో, సింధ్‌లోని హైదరాబాద్ నుంచి కొలుస్తుంది.

ఇక నన్ను భయపెట్టింది మీ చివరి మాట. పీడీఎఫ్ ఎక్కించకండి. అందులో ఆరు అక్షరాల పీఎన్ఆర్ ఉంటుంది. చాలా ఎయిర్‌లైన్ల సైట్లలో పీఎన్ఆర్, ఇంటిపేరు కొడితే బుకింగ్ మొత్తం తెరుచుకుంటుంది. సీటు మార్చొచ్చు, కొన్నిచోట్ల టికెట్ రద్దూ చేయొచ్చు. పాస్‌వర్డ్‌ని కాగితం మీద అచ్చేసి చేతికిచ్చే ఈ పద్ధతి ఇన్నేళ్లయినా మారకపోవడం సిగ్గుచేటు. మన గుమ్మం తాళానికే ఇంతకన్నా జాగ్రత్త ఉంది. వివరాలు తెలిసినవాడు మీ నాన్నగారికి ఫోన్ చేసి, "సార్, మీ ఫ్లైట్ క్యాన్సిలైంది, రీఫండ్‌కి ఈ యాప్ వేసుకోండి" అంటే, పేరూ తేదీ సరిగ్గా చెప్తున్నాడు కదా అని ఆయన నమ్మరూ?

చెల్లి ఎయిర్‌పోర్ట్‌కి ఎప్పుడు రావాలో తెలియడానికి ఫ్లైట్ నంబరు, తేదీ చాలు. ఎయిర్‌లైన్ సైట్లోనే ఉచితంగా కనిపిస్తుంది.

శంషాబాద్‌లో అమ్మానాన్న బోర్డింగ్ పాస్‌లు పట్టుకుని దిగే ఫొటో స్టేటస్‌లో పెట్టాలనిపిస్తుంది. పెట్టండి, పాస్‌లు జేబులో పెట్టించాక. పేరు మీద వేలు అడ్డం పెట్టినా లాభం లేదు, పక్కనున్న బార్‌కోడ్‌లో పేరూ పీఎన్ఆరూ రెండూ ఉంటాయి. రానూపోనూ కలిపి బుక్ చేసి ఉంటే తిరుగు టికెట్‌దీ అదే పీఎన్ఆర్.