అమెరికా స్వాతంత్ర్య యుద్ధం టీ మీద పన్ను కోసమేనా?

"అమెరికా వాళ్లు బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడింది టీ మీద పన్ను పెంచారనేనా? గెలిచాక అక్కడి మామూలు జనానికి ఒరిగిందేమిటి?" అని అడిగారు.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. న్యూజెర్సీలో ఉంటూ లోన్ల సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను. పౌరసత్వం పరీక్షకు కూర్చునేదాకా ఈ యుద్ధం గురించి నాకు తెలిసింది బోస్టన్‌లో టీ పెట్టెలు సముద్రంలో పారేశారన్నంతవరకే. నేను రాసినప్పుడు ఆ పరీక్షకు 100 ప్రశ్నల జాబితా ముందే ఇచ్చేవారు. ఆఫీసర్ అందులోంచి పది దాకా అడిగేవాడు, ఆరు సరిగ్గా చెబితే పాస్. "కాలనీల వాళ్లు బ్రిటిష్ వాళ్లతో ఎందుకు పోరాడారు?" అన్నది అందులో ఒకటి. "పన్నులు ఎక్కువ కాబట్టి" అంటే చాలు, జవాబు ఒప్పుకునేవారు. రాత్రి అన్నాలయ్యాక మా ఆవిడ అడుగుతుంటే నేను అప్పజెప్పేవాణ్ణి. పక్కన హోంవర్క్ చేసుకుంటున్న మా అబ్బాయి ఒకరోజు తలెత్తి, "కానీ నాన్నా, టీ చట్టం వచ్చాక టీ రేటు తగ్గింది కదా" అన్నాడు. వాడితో వాదనకు దిగి, ఇంటర్నెట్‌లో వెతికి, ఓడిపోయాను.

రేటు తగ్గితే గొడవెందుకు? అక్కణ్ణుంచి పట్టుకుంది నాకు ఈ పిచ్చి. రోజంతా అప్పులు, వడ్డీలు, వసూళ్ల లెక్కలు చూసేవాణ్ణి కదా, నాకు ఈ కథ మొత్తం ఒక బాకీ కథలాగే కనబడింది.

బ్రిటన్, ఫ్రాన్స్ 1756 నుంచి 1763 దాకా సగం ప్రపంచం మీద కొట్టుకున్నాయి. దాన్నే ఏడేళ్ల యుద్ధం అంటారు. మన చందుర్తి దగ్గర 1758లో ఇంగ్లీషు, ఫ్రెంచి కంపెనీలు తలపడ్డాయే, అది కూడా ఆ యుద్ధంలో ఒక ముక్కే. కెనడాను ఫ్రాన్స్ పోగొట్టుకున్నదీ అందులోనే. బ్రిటన్ గెలిచింది గానీ, 1764 నాటికి దాని నెత్తిన దాదాపు 13 కోట్ల పౌండ్ల అప్పు పేరుకుపోయింది. పైగా అమెరికాలో సుమారు 10,000 మంది సైనికులను ఉంచాలనుకున్నారు. వాళ్ల జీతాలు, తిండి ఎవరు పెట్టుకోవాలి? యుద్ధంతో ఫ్రాన్స్ పీడ విరగడైంది అమెరికా వాళ్లకే కాబట్టి కొంత వాళ్లే కట్టాలని ప్రధాని గ్రెన్‌విల్ లెక్క వేశాడు.

నిజం చెప్పాలంటే, లెక్కగా చూస్తే ఆ మాటలో తప్పేమీ లేదు. అప్పటికి బ్రిటన్‌లో ఉన్నవాడు కడుతున్న పన్నుతో పోలిస్తే అమెరికా కాలనీల వాడు కట్టేది చాలా తక్కువ. 1765లో వచ్చిన స్టాంపు చట్టం కూడా బ్రిటన్‌లో అప్పటికే ఉన్నదే: కోర్టు కాగితాలు, పత్రికలు, పేక ముక్కలు, అన్నిటి మీదా స్టాంపు.

తేడా ఎక్కడొచ్చిందంటే, 13 కాలనీలకూ సొంత శాసనసభలు ఉన్నాయి. పన్ను వేసినా తీసినా వాళ్లలో వాళ్లే తేల్చుకునే అలవాటు, కొన్నిటిలో నూరేళ్లకు పైగా. (అందరికీ ఓటు ఉందనుకునేరు, భూమి ఉన్న తెల్ల మగవాళ్ల మాట ఇది.) లండన్ పార్లమెంటులో వాళ్ల తరఫున ఒక్క మనిషీ లేడు. అడగకుండా నా పేరు మీద ఎవరో సంతకం పెట్టి అప్పు తెస్తే, ఆ అప్పు న్యాయమైనదే అయినా నాకు ఒళ్లు మండదా? గొడవ ముదిరేసరికి 1766లో స్టాంపు చట్టాన్ని ఎత్తేశారు. కానీ అదే రోజు ఇంకో చట్టం చేశారు: కాలనీల మీద ఏ విషయంలోనైనా సరే చట్టాలు చేసే హక్కు మాకు ఉంది అని. నన్నడిగితే యుద్ధానికి విత్తనం పడింది ఆ కాగితం మీదే. డబ్బు వదులుకుని పంతం మాత్రం అట్టిపెట్టుకున్నారు.

ఇంకో కారణం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 1763లోనే రాజు ఒక ప్రకటన చేశాడు, అపలాచియన్ కొండలు దాటి పడమటికి ఎవరూ వెళ్లి స్థిరపడకూడదని. అక్కడి ఆదివాసీలతో మళ్లీ యుద్ధాలొస్తే ఖర్చు తనకే కాబట్టి. అప్పటికే ఆ భూముల మీద కన్నేసి పెట్టుబడులు పెట్టిన పెద్దమనుషుల్లో జార్జ్ వాషింగ్టన్ ఒకడు. స్వేచ్ఛ కోసం అన్న మాటలో ఈ భూమి ఆశ కూడా కలిసే ఉంది.

ఇక టీ సంగతి. 1773 నాటికి ఈస్టిండియా కంపెనీ దివాలా అంచుకు వచ్చింది. టీ అమ్ముడుపోక లండన్ గిడ్డంగుల్లో గుట్టలు పడి ఉంది. ప్రభుత్వం దానికి 14 లక్షల పౌండ్లు అప్పిచ్చి, టీ చట్టం తెచ్చి, టీని నేరుగా అమెరికాకు పంపి అమ్ముకోవడానికి వీలు కల్పించింది. మధ్యలో దళారులు లేరు, లండన్ సుంకమూ వెనక్కి ఇచ్చేస్తారు, కాబట్టి రేటు తగ్గుతుంది. కానీ అమెరికాలో పౌను బరువు టీకి మూడు పెన్నీల పాత పన్ను మాత్రం అలాగే ఉంటుంది. చవగ్గా వస్తోందని ఆ టీ తాగితే ఆ పన్నును ఒప్పుకున్నట్టే. డచ్చి టీని దొంగచాటుగా తెచ్చి అమ్ముకునే బోస్టన్ వర్తకులకు అది కడుపు మీద దెబ్బ కూడా. 1773 డిసెంబర్ 16 రాత్రి మూడు ఓడల మీదికెక్కి 342 పెట్టెలు నీళ్లలో కుమ్మరించారు. అదంతా చైనా టీ. ఆ నష్టం కట్టేదాకా బోస్టన్ రేవు మూసెయ్యమని లండన్ ఆర్డర్ వేసింది. ఆ తర్వాత సంగతి మీకు తెలిసిందే: 1775 ఏప్రిల్‌లో లెక్సింగ్టన్ దగ్గర తుపాకులు పేలాయి, 1776 జూలైలో స్వాతంత్ర్య ప్రకటన వచ్చింది.

యుద్ధం ఎలా జరిగిందన్నది చాలామంది రాశారు, నేను దాటేస్తాను. 1777లో సారటోగా దగ్గర ఒక బ్రిటిష్ సైన్యం మొత్తం లొంగిపోయాక ఫ్రాన్స్ బాహాటంగా కలిసొచ్చింది, ఫ్రెంచి నౌకలు లేకపోతే 1781లో యార్క్‌టౌన్ దగ్గర గెలుపు లేదు. అంతే.

నేను చూసింది చెబుతాను. మా ఇంటికి గంట దూరంలో మోరిస్‌టౌన్ ఉంది. దాని పక్కన జాకీ హాలో అనే అడవిలో 1779–80 చలికాలం వాషింగ్టన్ సైన్యం గుడారాలేసుకుని, చెట్లు కొట్టి, దుంగలతో గుడిసెలు కట్టుకుంది. వాటి నమూనాలు గుట్ట మీద కొన్ని కట్టి ఉంచారు. పరీక్ష దగ్గరపడ్డాక ఒక ఫిబ్రవరి ఆదివారం మా అబ్బాయిని తీసుకుని వెళ్లాను. గుడిసె మా హాలంత కూడా లేదు. అందులో పన్నెండు మంది. గోడకు మూడంతస్తుల చెక్క బల్లలు, ఎదురుగా రాతి పొయ్యి. దుంగల సందుల్లో మెత్తిన మట్టి ఒకచోట ఊడిపోయి ఉంటే, అందులోంచి వచ్చే గాలికి నా చెవులు మొద్దుబారాయి. దళసరి జాకెట్, గ్లవ్స్, లోపల థర్మల్స్ వేసుకుని కూడా పది నిమిషాలు నిలబడలేకపోయాను. మావాడు పై బల్ల ఎక్కి పడుకుని, "నాన్నా, వీళ్లకు జీతం ఎంత?" అన్నాడు.

జీతం కాగితం మీద ఉంది, చేతికి రాలేదు. వచ్చినా కాంటినెంటల్ నోట్లు. పన్నులు వేసే అధికారం కాంగ్రెస్‌కు, అంటే కాలనీలన్నిటి ఉమ్మడి సభకు లేదు, అందుకే నోట్లు అచ్చేసి యుద్ధం నడిపింది. 1780 మార్చికి కాంగ్రెసే స్వయంగా 40 కాగితం డాలర్లు ఒక వెండి డాలరుతో సమానమని ఒప్పుకుంది. ఎందుకూ కొరగాని దాన్ని "కాంటినెంటల్ చెయ్యదు" అనడం జనం నోట సామెతైపోయింది. ఆ చలికాలం న్యూయార్క్ రేవు గడ్డకట్టింది. సైనికులకు రోజుల తరబడి తిండి లేదు.

మరుసటి చలికాలం అవే గుడిసెల్లో ఉన్న పెన్సిల్వేనియా సైనికులు 1781 జనవరి 1న తిరగబడ్డారు. మూడేళ్ల గడువు అయిపోయింది, బాకీ ఇచ్చి ఇంటికి పంపండని. ఫిరంగులతో సహా ప్రిన్స్‌టన్ దాకా నడిచారు. ఇది విని బ్రిటిష్ వాళ్లు, మా వైపు వస్తే మీ బాకీ మేమిస్తామని ఇద్దరు మనుషుల్ని పంపారు. ఆ సైనికులు వాళ్లిద్దర్నీ పట్టి అప్పజెప్పారు, వాళ్లను ఉరి తీశారు. ఈ చోటు నన్ను కదిలించినంతగా స్వాతంత్ర్య ప్రకటన కూడా కదిలించలేదు. జీతం రాలేదు, తిండి లేదు, అయినా అమ్ముడుపోలేదు. వాళ్లతో ప్రభుత్వం రాజీకి వచ్చి సగం మందిని పంపించేసింది. అదే నెలలో న్యూజెర్సీ సైనికులు కూడా అలాగే చేయబోతే వాషింగ్టన్ ఊరుకోలేదు. ముందున్న ఇద్దర్ని తోటి తిరుగుబాటుదార్ల చేతే కాల్పించాడు.

గెలిచాక ఏమైందన్నది మీ రెండో ప్రశ్న. 1783 సంధితో మిసిసిప్పీ నది దాకా భూమి చేతికొచ్చింది. సైనికులకు జీతం బదులు బాండు కాగితాలిచ్చారు. ఇంటికెళ్లి వ్యవసాయం చేసుకోవాలి, చేతిలో చిల్లిగవ్వ లేదు, వచ్చిన రేటుకు అమ్మేసుకున్నారు. అవి కొన్నది పట్నాల్లోని వడ్డీ వ్యాపారులు. 1790లో ఆర్థికమంత్రి హామిల్టన్ ఆ అప్పులన్నీ పూర్తిగా తీరుస్తానన్నాడు, కాగితం ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు. బ్యాంకు వాడిగా నేను హామిల్టన్ చేసిందే కరెక్టంటాను, లేకపోతే ఆ దేశానికి ఇంకెవడూ అప్పివ్వడు. జాకీ హాలో చూసొచ్చినవాడిగా మాత్రం ఆ మాట గట్టిగా అనలేను.

అంతకుముందే 1786లో మసాచుసెట్స్ రైతులు యుద్ధపు బాకీ కోసం వేసిన పన్నులు కట్టలేక, పొలాలు జప్తవుతుంటే కోర్టులకు అడ్డం పడ్డారు. వాళ్ల నాయకుల్లో ఒకడైన డేనియల్ షేస్ అదే సైన్యంలో కెప్టెన్‌గా చేసినవాడు. ఆ భయంతోనే పెద్దమనుషులు 1787లో ఫిలడెల్ఫియాలో కూర్చుని, పన్ను వేసే అధికారం ఉన్న గట్టి ప్రభుత్వం కోసం రాజ్యాంగం రాసుకున్నారు. ఆ ప్రభుత్వం విస్కీ మీద పన్ను వేసింది. 1794లో పెన్సిల్వేనియా రైతులు ఎదురుతిరిగితే అధ్యక్షుడు వాషింగ్టన్ దాదాపు 13,000 మంది సైన్యంతో బయల్దేరాడు. తేడా లేదనను. ఈసారి పన్ను వేసినవాళ్లను ఓటేసి దించే వీలుంది, 1802లో ఆ పన్ను పోయింది కూడా.

సాయం చేసిన ఫ్రాన్స్ అప్పుల్లో కూరుకుపోయి, కొత్త పన్నుల కోసం 1789లో సభ పిలిస్తే అది విప్లవమై కూర్చుంది. యార్క్‌టౌన్‌లో ఓడిన కార్న్‌వాలిస్ 1786లో మనకు గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. 1793లో బెంగాల్‌లో అతను పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతే పదేళ్లు తిరక్కుండా ఉత్తర సర్కార్లకూ వచ్చింది. ఆదివాసీల మాటకొస్తే, సంధి కాగితం మీద వాళ్ల పేరే లేదు. 1779లో వాషింగ్టన్ పంపిన సైన్యం ఇరొక్వాయ్ జనం ఊళ్లు నలభైకి పైగా తగలబెట్టింది, నిలబడ్డ మొక్కజొన్న చేలతో సహా.

ఇక బానిసలు. తిరుగుబాటుదార్లైన యజమానుల్ని వదిలి మా వైపు వచ్చి పోరాడితే స్వేచ్ఛ ఇస్తామని 1775లోనే వర్జీనియా బ్రిటిష్ గవర్నర్ ప్రకటించాడు. వేలమంది వెళ్లారు. 1783లో బ్రిటిష్ వాళ్లు న్యూయార్క్ ఖాళీ చేసినప్పుడు ఓడలెక్కిన సుమారు 3,000 మంది నల్లవాళ్ల పేర్లు ఒక రిజిస్టరులో రాసుకున్నారు. అందులో హ్యారీ వాషింగ్టన్ అని ఒకడున్నాడు. జార్జ్ వాషింగ్టన్ ఎస్టేటు నుంచి పారిపోయిన బానిస. మొదట కెనడాలో నోవా స్కోషియాలో దింపారు. 1792లో అక్కణ్ణుంచి ఆఫ్రికాలోని సియెరా లియోన్‌కు వెళ్లాడు. అక్కడ ఇచ్చిన భూమి మీద బ్రిటిష్ కంపెనీ శిస్తు అడిగింది. 1800లో దాని మీద తిరగబడినవాళ్లలో హ్యారీ కూడా ఉన్నాడు. పట్టుకుని, విచారణ జరిపి, అతన్ని నది అవతలి ఒడ్డుకు వెళ్లగొట్టారు.