ఆరు టీములతో నల్గొండలో ఫుట్‌బాల్ లీగ్ సీజన్ ఎట్ల నడపాలె?

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ దిక్కు ఆరు టీములున్నయి, నాకౌట్ కాకుండ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్) లెక్క సీజన్ పెట్టొచ్చా అని అడిగిండ్రు. పెట్టొచ్చు. నాకౌట్‌ల ఒక్క మ్యాచ్ ఓడిన టీము ఇంటికి పోతది. లీగ్‌ల ప్రతి టీముకు పది మ్యాచ్‌లు దొరుకుతయి.

ఒక్కో జట్టుతోని రెండుసార్లు ఆడితే మొత్తం 30 మ్యాచ్‌లు, 10 రౌండ్లు. ఎవలు ఎవలతో ఆడాలెనో రాసేటప్పుడు టీములకు 1 నుంచి 6 దాకా నంబర్లిచ్చి, ఒకటో నంబరు టీమును కదపకుండ మిగతా అయిదింటిని చుట్టూ తిప్పండి. మొదటి వారం 1-6, 2-5, 3-4. రెండో వారం 1-5, 6-4, 2-3. ఇట్లనే అయిదు వారాలు తిప్పి, తర్వాత అదే వరుస మళ్ల ఆడించాలె.

ఫ్లడ్‌లైట్లు లేని ఒక్కటే గ్రౌండ్ అయితే ఆదివారం పొద్దుగాల 7కు, 9:15కు, సాయంత్రం 3:30కు పెట్టండి. చలికాలంల అయిదున్నర దాటితే వెలుగు తగ్గి బంతి సక్కగ కనవడదు. దసరా అయినంక మొదలువెడితే సంక్రాంతి లోపు అయిపోతది. వాయిదా పడ్డ మ్యాచ్‌ల కోసం నడుమ ఒక ఆదివారం ఖాళీగ ఉంచుకోండి. అది లేకనే చాన లీగ్‌లు ఆగిపోతయి.

గెలుపుకు 3 పాయింట్లు, డ్రాకు 1. డ్రాలతో పైకి రాలేమని టీములకు ముందే చెప్పండి. 2020-21 ఐఎస్‌ఎల్‌ల హైదరాబాద్, గోవా, నార్త్‌ఈస్ట్ టీములు మూడూ 20 మ్యాచ్‌లల్ల మూడే ఓడినయి. నార్త్‌ఈస్ట్ 8 గెలిచి 33 పాయింట్లు, గోవా 7 గెలిచి 31 తెచ్చుకొని సెమీస్‌కు పోయినయి. 6 గెలిచి 11 డ్రా చేసిన మన హైదరాబాద్ 29 కాడ ఆగి అయిదో స్థానంల మిగిలింది.

పాయింట్లు సమానమైతే ఏం చెయ్యాలెనో మొదటి విజిల్‌కు ముందే రాసి, ఆరుగురు కెప్టెన్లతోని సంతకం వెట్టించుకోండి. అసలు కొట్లాటలన్నీ ఈడనే. అదే సీజన్‌ల ముంబై, ఏటీకే మోహన్ బగాన్ రెండూ 40 పాయింట్ల మీద నిలిస్తే, ముఖాముఖి రెండు మ్యాచ్‌లూ గెలిచిన ముంబైకి షీల్డ్ (పట్టికల మొదటి టీముకిచ్చే బహుమతి) పోయింది. మీరు గూడ ముందు ముఖాముఖి, తర్వాత గోల్ డిఫరెన్స్ (కొట్టిన గోల్స్‌ల నుంచి ఇచ్చిన గోల్స్ తీసేస్తే వచ్చేది), ఆ తర్వాత కొట్టిన గోల్స్ చూడండి. మూడు టీములు సమానమైతే ఆ మూడింటి మధ్య మ్యాచ్‌లతోనే చిన్న పట్టిక వెయ్యాలె.

టేబుల్ టాపర్‌నే ఛాంపియన్ అంటరా, ఫైనల్ పెడతరా అన్నది గూడ అప్పుడే తేల్చండి. 2021-22 ఐఎస్‌ఎల్‌ల 43 పాయింట్లతో షీల్డ్ జంషెడ్‌పూర్‌ది, కప్పు మాత్రం ఫైనల్‌ల కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలల్ల 3-1తో ఓడించిన హైదరాబాద్‌ది. ఆరు టీముల లీగ్‌కు ఫైనల్ వద్దు. పది వారాల కష్టానికి పట్టికనే న్యాయం చేస్తది.

టీముకు 20 మంది పేర్లు, ఆధార్ నకలుతో తీసుకోండి. మూడో రౌండ్ తర్వాత కొత్త పేరు రాయొద్దు. లేకుంటే ఆఖరి వారాలల్ల హైదరాబాద్ నుంచి కిరాయి ఆటగాళ్లు దిగుతరు. టైముకు 15 నిమిషాలు దాటినా ఏడుగురు రాకుంటే 3-0తో ఎదుటి టీముకు ఇచ్చేయండి. సగం సీజన్ లోపు ఏ టీమన్న తప్పుకుంటే దాని ఫలితాలన్నీ కొట్టేయాలె. సగం దాటినంక తప్పుకుంటే మిగిలిన మ్యాచ్‌లు 3-0గ రాయాలె.